ఉచిత బస్సు మీద ఉచితమైన జోకు

పోయిన సంక్రాంతికి మా మేనత్త బస్సులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం కింద, జీరో టికెట్టు మీద. గుమ్మంలో చెప్పులు ఇంకా విప్పనేలేదు, మా బాబాయ్ అందుకున్నాడు. "రా అక్కా, రా. మా పన్నుల డబ్బుతో ప్రయాణం సుఖంగా సాగిందా?"

నవ్వుతూనే అన్నాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. "ఒకటో తారీఖున నీకు పడే పెన్షను ఎవరి పన్నులోంచి వస్తోందిరా?" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. లోపల్నుంచి బావ వచ్చి, "అసలు మీవాళ్లున్నప్పుడు ఏం చేశారు మావయ్యా?" అన్నాడు. 'మీవాళ్లు' అనే మాట పడ్డాక ఏ ఇంట్లోనైనా ఏం జరుగుతుందో మీకు తెలుసు. రాష్ట్రం అప్పు వచ్చింది, రాజధాని వచ్చింది, మద్యం బ్రాండ్లు వచ్చాయి, చివరికి ఎన్టీఆర్ మీద తిరుగుబాటు జరిగిన 1995 ఆగస్టు కూడా వచ్చింది. బస్సు సంగతి ఎవరికీ గుర్తులేదు.

భోజనాల దగ్గర కూడా అందరూ మూతులు ముడుచుకునే కూర్చున్నారు. అప్పుడు అత్తయ్యే గారె తుంచుతూ అంది: "నిజం చెప్పొద్దూ, టికెట్టూ జీరో, సీటూ జీరో. ఆ లెక్క మాత్రం సరిగ్గా సరిపోయింది." సగం దారి నిలబడే వచ్చిందట. అందరం పగలబడి నవ్వాం, బాబాయ్‌తో సహా. ఆ తర్వాత ఓ పావుగంట మాత్రం మా ఇంట్లో అసలైన రాజకీయం నడిచింది. మా రూట్లో రోజుకు ఎన్ని బస్సులు తిరుగుతాయి, పథకం వచ్చాక ఒక్కటైనా పెంచారా, పొద్దున కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద ఎందుకు వేలాడుతున్నారు, ఊరి ఆటోవాళ్ల సంగతేంటి.

ఒకే ఇల్లు, ఒకే పథకం, రెండు జోకులు. ఒకటి ఇంటిని రెండు చేసింది, ఇంకొకటి పావుగంటైనా కలిపింది. బాబాయ్ చెడ్డవాడేం కాదు, ఆ రోజు అత్తయ్యకు గారెలు కొసరి కొసరి వడ్డించింది కూడా ఆయనే. కానీ ఆయన జోకులో నవ్వులపాలయ్యేది బస్సెక్కిన మనిషి. అత్తయ్య జోకులో నవ్వులపాలయ్యేది బస్సు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఇంత చిన్న తేడా మనకు ఎందుకు చేతకాదో తెలియాలంటే కొంచెం లోతుకు దిగాలి.

ముందుగా ఒక సరదా మాట. మనం ఊరికే వచ్చేదాన్ని 'ఉచితం' అంటాం. సంస్కృతంలో ఉచితమంటే తగినది, న్యాయమైనది. ఉచితానుచితాలు తెలిసినవాడు అన్నప్పుడు మనమూ ఆ అర్థంలోనే వాడతాం. అంటే ఉచిత పథకాలు అనుచితమా కాదా అని టీవీల్లో ఏళ్ల తరబడి జరుగుతున్న రభస అంతా ఒక్క తెలుగు మాట పొట్టలోనే ఉంది. సుప్రీంకోర్టు కూడా తమిళనాడు కలర్ టీవీల కేసులో 2013లో దీన్ని తడిమి చూసింది. ఎన్నికల ప్రణాళికలపై మార్గదర్శకాలు తయారుచేయమని ఎన్నికల సంఘానికి చెప్పి ఊరుకుంది.

సరే, బస్సు దగ్గరికి వద్దాం. మహిళలకు ఉచిత ప్రయాణాన్ని ఢిల్లీలో 2019 అక్టోబర్ 29న ఆమ్ ఆద్మీ పార్టీ మొదలుపెట్టింది. తమిళనాడులో 2021 మేలో డీఎంకే అందుకుంది. కర్ణాటకలో 2023 జూన్ 11న కాంగ్రెస్, తెలంగాణలో అదే ఏడాది డిసెంబర్ 9న మళ్లీ కాంగ్రెస్. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి. ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు కత్తులు దూసే పార్టీలు ఒకే బస్సెక్కాయన్నమాట. కాబట్టి ఈ పథకం మంచిదా కాదా అన్నదానికి, మీరు ఏ పార్టీ అన్నదానికి పెద్దగా సంబంధం ఉండకూడదు. కానీ ఉంది. హైదరాబాద్‌లో ఇది దండగ అన్న నోటితోనే విజయవాడలో దండిగా పొగిడినవాళ్లు నాకు తెలుసు. అక్కడ మెచ్చుకుని ఇక్కడ దుమ్మెత్తిపోసినవాళ్లూ తెలుసు. మధ్యలో మారింది పోస్టరు మీద బొమ్మ ఒక్కటే.

స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు శాంతో అయ్యంగార్, ఆయన సహచరులు అమెరికా సర్వేలు ముందేసుకుని 2012లో ఈ సంగతే చెప్పారు. ఎదుటి పార్టీవాళ్ల మీద అయిష్టం పెరుగుతూ పోతోంది గానీ, దానికీ విధానాల మీద ఉన్న అభిప్రాయాలకూ ముడి బలంగా లేదని తేల్చారు. మన పల్లెటూళ్లలో ఈ ముక్క చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఊళ్లో రెండు వర్గాలుంటాయి. ఒక వర్గం పార్టీ మారితే రెండో వర్గం ఎదురు పార్టీలోకి మారుతుంది. మేనిఫెస్టో ఎవరూ తిరగేయరు. పార్టీ అనేది అక్కడ ఇంటిపేరులాంటిది. దాని మీద జోకు వేస్తే విధానాన్ని విమర్శించినట్టు ఎవరికీ వినిపించదు, వాళ్ల నాన్నను అన్నట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు జోకు సంగతి. అసలు మనకు నవ్వెందుకొస్తుందన్నదానికి చాలా సిద్ధాంతాలున్నాయి. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ప్రతిపాదించింది మన పనికి బాగా సరిపోతుంది. ఏదో ఒక కట్టు తప్పాలి, అదే క్షణంలో దానివల్ల ప్రమాదమేమీ లేదనీ అనిపించాలి. రెండూ ఒకేసారి కుదిరితేనే నవ్వు. చక్కిలిగింత చూడండి. అది ఒకరకంగా మన ఒంటి మీద దాడే. చంటిపిల్ల పెడితే నవ్వుతాం, బస్టాండులో ముక్కూమొహం తెలియనివాడు పెడితే పోలీసును పిలుస్తాం. వేళ్లు కదిలేది ఒకలాగే.

రాజకీయ జోకుల్లో జరిగేది అచ్చంగా ఇదే. మన పార్టీవాళ్ల మధ్య ఉన్నప్పుడు ఎదుటివాళ్ల మీద జోకులో ప్రమాదం ఉండదు, కాబట్టి నవ్వొస్తుంది. అదే జోకు అటువైపు మనిషి చెవిన పడితే కట్టు తప్పడం మాత్రమే మిగులుతుంది. "నీకు హాస్యప్రియత్వం లేదు" అని వాణ్ణి ఎగతాళి చెయ్యడం అందుకే అన్యాయం. ప్రమాదం లేదనే నమ్మకం వాడికి మనం కలిగించలేదు.

ఆ నమ్మకాన్ని కలిగించే పద్ధతులు మన దగ్గర లేవా అంటే, బ్రహ్మాండంగా ఉన్నాయి. వియ్యాలవారి పాటలు గుర్తున్నాయా? పెళ్లి విందులో వియ్యపురాలు విస్తరి ముందు కూర్చుంటే, అటువైపు ఆడవాళ్లు చుట్టూ చేరి ఆవిడ తిండి మీదా, నగల మీదా, పిసినారితనం మీదా పాటలు కట్టి పాడేవాళ్లు. బయట ఎవరైనా ఆ మాటల్లో పదో వంతు అంటే తలలు పగులుతాయి. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో ఇలాంటి పరాచికపు బంధుత్వాల మీద ఒక వ్యాసం రాశాడు. ఏ ఇద్దరి మధ్య గొడవకు ఆస్కారం ఎక్కువో, అయినా కలిసి బతకక తప్పదో, అక్కడే సమాజం ఎగతాళికి లైసెన్సు ఇస్తుందని ఆయన చెప్పిన విషయం. తిట్టుకోవడానికి అనుమతి ఇచ్చి కొట్టుకోకుండా ఆపడం. బావాబావమరుదుల సరసాలు కూడా ఈ కోవలోవే.

ఆ పాటల్లో మూడు నియమాలు ఎవరూ రాయకుండానే అమలయ్యేవి. అనేది ఎదురుగానే అనాలి. వడ్డన ఆపకుండా అనాలి. అటువాళ్లు తిరిగి పాడితే పడాలి. ఇప్పుడు మన వాట్సాప్ ఫార్వర్డు తీసుకోండి. వెనకనుంచి వస్తుంది, తిండి పెట్టదు, పైగా అది పంపినవాడు కట్టిన పాట కూడా కాదు. ఎక్కడో ఒక పార్టీ సోషల్ మీడియా ఆఫీసులో జీతానికి కూర్చున్న కుర్రాడు తయారుచేసిన వెటకారాన్ని మనం సొంత బావమరిదికి పంపుతున్నాం. జీతం అతనికి, కయ్యం మనకి.

మన భాషలో దీనికి ఎన్ని మెట్లున్నాయో చూడండి: చమత్కారం, చెణుకు, పరాచికం, వ్యంగ్యం, వెటకారం, ఎకసెక్కం, ఎగతాళి, ఎద్దేవా. మెట్టు మెట్టుకూ ఎదుటి మనిషి మీద ప్రేమ కొంచెం తగ్గుతుంది. అయితే పత్రికల రాజకీయ వార్తల్లో ఏళ్లుగా కనిపించేవి ఎద్దేవా చేశారు, ధ్వజమెత్తారు, దుయ్యబట్టారు, నిప్పులు చెరిగారు. 'చమత్కరించారు' అన్న క్రియాపదం నెలకొక్కసారి కనిపిస్తే గొప్ప. నాయకుల్లో చమత్కారం కరువైందో, విలేకరుల నిఘంటువు చిక్కిపోయిందో నాకు తెలియదు గానీ, రెండో అనుమానమూ కొట్టిపారేయదగ్గది కాదు.

జోకు పథకం మీంచి జారి మనిషి మీద పడితే ఏమవుతుందో తమిళనాడు అనుభవం చెబుతుంది. 2022 సెప్టెంబర్‌లో అప్పటి మంత్రి పొన్ముడి ఒక సభలో మహిళలను ఉద్దేశించి మీరంతా బస్సుల్లో 'ఓసీ'లో వెళ్తున్నారు కదా అన్నారు. ఓసీ అంటే అక్కడ ఊరికే, పైసా ఇవ్వకుండా అని. ఆయన పార్టీయే తెచ్చిన పథకం అది. కొద్దిరోజులకు కోయంబత్తూరులో ఒక వృద్ధురాలు నాకు ఓసీ వద్దు, డబ్బు తీసుకోవలసిందేనని కండక్టరుతో వాదిస్తున్న వీడియో అంతటా తిరిగింది. ఇది ప్రతిపక్షం ఆడించిన నాటకమని పాలకపక్షం అంది. నాటకమే అనుకుందాం. అయినా ఆ వీడియో అంత దూరం వెళ్లిందంటే, 'ఓసీ' అన్న మాట ఎంతమందికి గుచ్చుకుందో తెలుస్తోంది. ఇంట్లో మా బాబాయ్ చేసిందీ, సభలో మంత్రి చేసిందీ ఒకే తప్పు.

మరి పథకం మీద జోకు వేయడమంటే ఏమిటి? దాని కీళ్ల మీద వేయడం. ప్రతి ప్రభుత్వ పథకానికీ కీళ్లుంటాయి. డబ్బు ఎటునుంచి ఎటు వెళ్తుంది, ఎవరు లెక్క రాస్తారు, ఎవరికి గాలి తగులుతుంది, ఎవరి పొట్ట కొడుతుంది. ఆ కీళ్ల దగ్గర ఎప్పుడూ కొంచెం కిర్రుమనే చప్పుడు ఉంటుంది. ఉచిత బస్సులో టికెట్టు ఎందుకు కొట్టాలి? అడిగితే నవ్వొచ్చే ప్రశ్నే. జవాబు మాత్రం గట్టిది. ఆర్టీసీ తన ఆదాయం వదులుకుంటోంది, ఆ సొమ్ము ప్రభుత్వం పూడ్చాలి. ఎంతమంది ఎక్కారో చూపించేది ఆ జీరో టికెట్టే. అందుకే టికెట్టు తీసుకోకుండా దిగిపోకండి అని కండక్టర్లు బతిమాలతారు. ప్రపంచంలో సున్నా రూపాయల కాగితం కోసం ఇంత పట్టుబట్టే వ్యాపారం ఇంకొకటి ఉండదేమో. ఢిల్లీలో అయితే గులాబీ రంగు టికెట్టు ఒక్కోదానికి ప్రభుత్వం సంస్థకు 10 రూపాయలు లెక్కగట్టింది. ఒక స్టాపు వెళ్లినా పదే, ఊరి చివరికి వెళ్లినా పదే.

ఇంకో కీలు ఆటోలు. ఆడవాళ్లు బస్సెక్కితే ఆటోవాడి బేరం పడిపోతుంది. తెలంగాణలో పథకం మొదలవగానే ఆటో డ్రైవర్లు రోడ్డెక్కారు. ఆంధ్రలో బస్సు పథకం వచ్చిన రెండు నెలలలోపే, 2025 అక్టోబర్‌లో, 'ఆటో డ్రైవర్ల సేవలో' అని ఏడాదికి 15,000 రూపాయల పథకం వచ్చింది. అంతకుముందు 2019 అక్టోబర్‌లో అప్పటి ప్రభుత్వం వాహనమిత్ర అని 10,000 ఇచ్చింది. పథకం పథకాన్ని కంటుంది, పుట్టిన ప్రతిదానికీ బారసాల మాత్రం ఘనంగా చేస్తారు.

బారసాల అంటే గుర్తొచ్చింది, పేర్ల సంగతి. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టిన వైద్య పథకం, రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో మారింది, 2024లో వెనక్కి వచ్చింది. మధ్యలో చదివిన పిల్లల దగ్గర ఏయే పేర్లున్న కాగితాలున్నాయో వాళ్లకే తెలియాలి. ఈ రాష్ట్రంలో ఏ ప్రభుత్వం వచ్చినా ఉపాధికి ఢోకా లేనివాడు బోర్డులు రాసే పెయింటరు ఒక్కడే అని నేను ఒకసారి మా కుటుంబం గ్రూపులో పెట్టాను. రెండు పార్టీలవాళ్లూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఎవరికివాళ్లు అది ఎదుటివాళ్ల మీద జోకనుకున్నారేమో, అదీ కాదనలేను.

ఇక్కడ గురజాడవారి బండివాడు గుర్తు రావాలి. 'కన్యాశుల్కం'లో గిరీశం ఒక బండివాడికి రెండు గంటలు నేషనల్ కాంగ్రెసు గురించి లెక్చరు దంచుతాడు. అంతా విని వాడు అడిగింది ఒక్కటే: మా ఊరి హెడ్ కానిస్టేబుల్ని కాంగ్రెసువాళ్లు ఎప్పుడు బదిలీ చేస్తారు? ఈ ముక్క చెప్పి బండివాడి అమాయకత్వానికి నవ్వడం మనకు అలవాటు. నాకు మాత్రం ఆ ఇద్దరిలో రాజకీయం తెలిసినవాడు బండివాడే అనిపిస్తుంది. వాడికి రాజ్యమంటే హెడ్ కానిస్టేబులు. మీ సిద్ధాంతం నా హెడ్డుని కదుపుతుందా లేదా చెప్పండి అంటున్నాడు. గిరీశం దగ్గర జవాబు లేదు, అందుకే వాణ్ణి తిట్టుకున్నాడు.

ఫిలిప్ ఫెర్న్‌బాక్ బృందం 2013లో అచ్చు వేసిన ఒక పరిశోధన బండివాడి పక్షానే ఉంది. ఒక విధానాన్ని ఎందుకు సమర్థిస్తున్నావని అడిగితే మనుషుల పట్టు ఏమీ సడలలేదు. అది ఎలా పనిచేస్తుందో మొదటినుంచి చివరిదాకా విడమరిచి చెప్పమంటే, తమకు తెలిసింది ఎంత తక్కువో తమకే అర్థమై కాస్త మెత్తబడ్డారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఈ ఫలితం ప్రతిసారీ రాలేదు, అదీ చెప్పాలి. అయినా 'ఎందుకు' కన్నా 'ఎలా' అన్న ప్రశ్న ఇంట్లో తక్కువ గిన్నెలు పగలగొడుతుందని నా సొంత అనుభవం.

ఇంతవరకూ చెప్పిందంతా మనలాంటి మామూలువాళ్ల మధ్య మాటలకు. అధికారంలో ఉన్నవాళ్ల మీద జోకుకు ఈ మర్యాదలన్నీ వర్తించవు, వర్తించకూడదు కూడా. ముఖ్యమంత్రి మన వియ్యంకుడు కాదు, మన బావ కాదు. ఆయన్ని నేరుగా గేలి చేసినా భరించడం ఆయన ఉద్యోగంలో భాగం. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర 2012 ఏప్రిల్‌లో మమతా బెనర్జీ మీద ఒక కార్టూను ఈమెయిల్లో పంపినందుకు అరెస్టయ్యారు. ఆయన మీద పెట్టిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కేసు నుంచి ఆయన పూర్తిగా బయటపడింది 2023లో. ఒక్క బొమ్మకు దాదాపు 11 ఏళ్లు. మనవాళ్లు పక్కింటివాణ్ణి వెటకరించడానికి వెనుకాడరు గానీ మంత్రిని అనడానికి జంకుతారంటే కారణం లేకపోలేదు. జోకులు కిందికి పారడం నీళ్ల గుణం కాదు, భయం గుణం.

ఇక పార్లమెంటు సంగతి. ఇందిరాగాంధీ రోజుల్లో ప్రతిదాని వెనకా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ హస్తం ఉందని ఆరోపణలు ఊపందుకున్నప్పుడు, స్వతంత్ర పార్టీ ఎంపీ పీలూ మోదీ 'నేను సీఐఏ ఏజెంటుని' అని రాసిన అట్ట మెడలో వేసుకుని సభలోకి వచ్చాడు. ఎదుటివాళ్లను పన్నెత్తి ఒక్క మాట అనలేదు. తన మీదే వేసుకున్నాడు, తగలాల్సినచోటే తగిలింది.

హాస్యం అన్నిటికీ మందని నేను అనను. రైతు ఉరిపోసుకున్న వార్త కింద, కులం పేరుతో మనిషిని కొట్టిన వార్త కింద చెణుకులు విసరడం చమత్కారం అనిపించుకోదు. ఇంకో చిక్కుంది. చర్చ తనకు ఇబ్బందిగా మారిన ప్రతిసారీ జోకు వేసి తప్పుకునే పెద్దమనిషి ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడికి ఒక స్థానం ఉంది, అవధాని ఆయనకు నవ్వుతూ జవాబిస్తాడు, వెంటనే ఆపిన పద్యపాదం దగ్గరికి తిరిగి వెళ్తాడు. ఎనిమిదిమందీ అప్రస్తుతమే మాట్లాడితే అవధానం ఉండదు. అలాగే రెండు పార్టీల మీదా సమానంగా కొలిచి జోకులు వేయాలన్న తక్కెడ కూడా నాకు నచ్చదు. ఒక ప్రభుత్వం ఎక్కువ తప్పులు చేస్తుంటే దాని మీదే ఎక్కువ పడతాయి, పడనివ్వాలి. నేను చూసుకునేది ఒకటే. పార్టీ పేరు తీసేసి పక్క పార్టీ పేరు పెట్టినా జోకు నిలబడుతుందా? నిలబడితే అది పని మీద జోకు. కూలిపోతే, ఆ జోకుని మోస్తున్నది నా ద్వేషమే.

కనుమ మర్నాడు అత్తయ్యను బస్సెక్కించడానికి నేనూ బాబాయ్ వెళ్లాం. గంటసేపు నిలబడ్డాక ఒకటి వచ్చింది, డోరు దాకా జనం. అత్తయ్య చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని ఎలా ఎక్కాలా అని చూస్తోంది. బాబాయ్ సంచీ భుజాన వేసుకుని కండక్టరు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఇందులో మా అక్క ఎక్కలేదయ్యా. తర్వాత బస్సు ఎప్పుడు?"

"ఇదే సార్ తర్వాత బస్సు" అన్నాడు కండక్టరు. "ముందుది రాలేదు."